మిద్దె తోటలో రూపాయి ఎక్కడ మిగులుతుంది?



బెంగుళూరు మడివాళలో కాపురం ఉంటూ మిద్దె మీద కూరగాయలు పెంచుతున్నామని చెబితే, ఊళ్ళో చుట్టాలు వెంటనే అడిగే మాట ఒకటుంది. "ఇల్లు దిగితే మార్కెట్ కదా, కొనుక్కోక ఈ మట్టి మోసుకోవడం ఎందుకు?" అని. అడగడంలో తప్పు లేదు. హోసూరు రోడ్డు వెంట ఉండే మడివాళ మార్కెట్‌ని చూసినవాళ్ళెవరైనా అలాగే అడుగుతారు. కోలారు టమాటా, హోసూరు వైపు నుంచి వచ్చే క్యాబేజీ, బీన్స్, చలికాలమైతే మాగడి అనపకాయలు, అన్నీ అక్కడ గుట్టలుగా పోసి ఉంటాయి. చీకటి పడి బండ్లు సర్దుకునే వేళకు వెళితే ఆకుకూర కట్టలు రేటు తగ్గించి ఇచ్చేస్తారు. అలాంటి చోట కుండీలు కొని, మట్టి కొని, విత్తనాలు కొని, నీళ్ళు పోసి పెంచితే ఇంటి ఖర్చు నిజంగా తగ్గుతుందా? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ఉన్నమాట చెప్పాలంటే, చాలా ఇళ్ళలో తగ్గడం లేదు. పెరుగుతోంది. తోట మొదలుపెట్టాలన్న ఆలోచన రాగానే మనం చేసే మొదటి పని కొట్టుకు పరిగెత్తడం. గ్రో బ్యాగులు, రంగురంగుల కుండీలు, కోకోపీట్ దిమ్మలు, ప్యాకెట్లలో వర్మీకంపోస్టు, కలిపి అమ్మే మట్టి, స్ప్రేయరు, చేతి తొడుగులు, ఇరవై రకాల విత్తనాల ప్యాకెట్లు. మొదటి వారంలోనే అయిదు వేలు దాటిపోతుంది. కొత్తిమీర కట్ట 10 రూపాయలనుకుంటే, ఆ అయిదు వేలు తిరిగి రావడానికి 500 కట్టలు పండించాలి. ఈలోగా ఒక వేసవి వస్తుంది, ఊరికి వెళతాం, మొక్కలు ఎండిపోతాయి, కుండీలు ఖాళీగా ఒక మూల పడి ఉంటాయి. అమెరికాలో విలియం అలెగ్జాండర్ అనే ఆయన తన పెరటి తోటకు పెట్టిన ఖర్చంతా కూడి చూసుకుంటే ఒక్కో టమాటాకు 64 డాలర్లు పడింది. ఆ లెక్కనే పేరుగా పెట్టి 2006లో పుస్తకం వేశారు. మన మిద్దెల మీద కూడా చాలాచోట్ల అదే లెక్క నడుస్తోంది. కాకపోతే మనం కూడి చూసుకోవడం లేదు.

అందుకని నేను గట్టిగా నమ్మే సంగతి ముందే చెబుతాను. మిద్దె తోటలో డబ్బు మిగలాలంటే, తోటకు కావలసినవి వీలైనంతవరకు కొనకూడదు. మార్కెట్లో చవగ్గా దొరికేవి పెంచకూడదు. ఈ రెండూ పాటించిన ఇంట్లో తోట నెలనెలా ఎంతో కొంత ఇస్తుంది. ఏ ఒక్కటి తప్పినా అది సరదా కిందే లెక్క. సరదాగా పెంచుకోవడం మంచిదే, కానీ దాన్ని పొదుపు అనుకోకూడదు.

ముందు ఏం పెంచాలో చూద్దాం. ఉల్లిపాయ, బంగాళాదుంప, క్యాబేజీ జోలికి పోవద్దు. క్యాబేజీ మొక్క ఒక కుండీని మూడు నెలలు ఆక్రమించుకుని ఒకే ఒక్క గడ్డ ఇస్తుంది. మడివాళ మార్కెట్లో అదే గడ్డ బస్సు టికెట్ ఖరీదుకు వస్తుంది. రోజూ పిడికెడు కావలసినవి, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంటే నల్లబడేవి, కట్ట కొంటే సగం పారేసేవి, ఇవి పెంచాలి. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, పచ్చిమిరప, మెంతికూర, తోటకూర. ఇక్కడ ఆదా అయ్యేది కట్ట ధర ఒక్కటే కాదు, కుళ్ళి చెత్తబుట్టలోకి పోయే సగం కూడా. పప్పులోకి నాలుగు రెబ్బలు కావాలంటే నాలుగే తుంచుకుంటాం. మిగతాది మొక్క మీదే తాజాగా ఉంటుంది.

నలుగురున్న ఇంట్లో ఇలాంటి చిల్లర ఆకుల మీద రోజుకు 20 రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. నెలకు 600, ఏడాదికి 7,200 రూపాయలు. ఇందులో మూడొంతుల్లో రెండొంతులు మిద్దె మీద నుంచి వచ్చినా, ఏడాదికి అయిదు వేలకు అటూ ఇటూగా మిగులుతుంది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అద్దె ఇంట్లో ఉండి పిల్లల ఫీజులు కట్టుకునేవాళ్ళకు చిన్న మొత్తమూ కాదు. పైగా బెంగుళూరు చుట్టుపక్కల మురుగునీటితో పండించే ఆకుకూరల్లో సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఉంటున్నాయని పరిశోధకులు పలుమార్లు చెప్పారు. పిల్లల కంచంలోకి వెళ్ళే ఆకు ఏ నీళ్ళు తాగి పెరిగిందో మనకు తెలియడానికి ఏ ధర కట్టగలం?

టమాటా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2023 జులై చివరికి మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్ళింది. ఆ నెలలో ఎంతోమంది టమాటా నారు కోసం నర్సరీల చుట్టూ తిరిగారు. నారు పోసి, నాటి, కాయ ఎర్రబడేసరికి మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలు గడవకముందే, సెప్టెంబరులో, రాయలసీమ రైతులు గిట్టుబాటు ధర లేక అదే టమాటాను రోడ్డు పక్కన పారబోశారు. ధర పెరిగిందని విత్తితే చేతికొచ్చేది ధర పడిపోయాకే. అది రైతుకూ అనుభవమే, మిద్దె తోటవాళ్ళకూ అనుభవమే. టమాటా పెంచాలనుకుంటే రెండు మూడు మొక్కలు ఏడాది పొడుగునా ఉంచుకోండి. రేటు చూసి మొదలుపెట్టకండి.

ఈ ఊరి వాతావరణం మనకు ఇచ్చే లాభం ఒకటి ఉంది. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. విజయవాడలోనో కడపలోనో ఏప్రిల్, మే నెలల్లో కొత్తిమీర మొలిపించడం కష్టం. షేడ్‌నెట్ కట్టాలి, పూటపూటకూ తడపాలి. ఇక్కడ ఆ బాధ చాలా తక్కువ. మిద్దె మీద నీడపట్టున పెడితే వేసవిలో కూడా కొత్తిమీర వస్తుంది. అక్కడ చలికాలంలోనే పండే బీన్స్, నూల్‌కోల్, ముల్లంగి ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు పండుతాయి. షేడ్‌నెట్ ఖర్చు తప్పినట్టే. ఇక మనం బెంగుళూరు వంకాయ అని పిలిచే కాయ ఉంది కదా, దానికి విత్తనం కూడా కొనక్కర్లేదు. ముదిరి మొలక వచ్చిన కాయనే మొత్తంగా పాతిపెట్టాలి. తీగ గోడ మీదికో జాలీ మీదికో పాకి, నిలదొక్కుకున్నాక మీ ఇంటికీ పక్కింటికీ సరిపడా కాస్తుంది. కాకపోతే దానికి పెద్ద తొట్టి కావాలి. నీళ్ళు బాగా తాగుతుంది.

విత్తనాల మీద మనం పెట్టే ఖర్చులో చాలా భాగం అనవసరం. మెంతులు, ధనియాలు, ఆవాలు వంటింట్లోనే ఉన్నాయి. ధనియం గింజలో రెండు పప్పులుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తితే రెండుగా విడిపోతుంది. నలిగిపోకుండా చూసుకోవాలి. రాత్రంతా నానబెట్టి చల్లితే పది రోజులకు అటూ ఇటూగా మొలక కనిపిస్తుంది, నలభై రోజులకు కోసుకోవచ్చు. డబ్బాలో చాలాకాలంగా ఉన్న పాత ధనియాలు సరిగా మొలవకపోవచ్చు. కొత్త సరుకు తీసుకోండి. మెంతులైతే మూడు నాలుగు రోజులకే మొలుస్తాయి, మూడు వారాలు దాటగానే కూర తయారు. తోటకూరలో ఒక్క మొక్కను కోయకుండా వదిలి కంకి ఎండనిస్తే, ఆ ఒక్క కంకిలోనే రెండేళ్ళకు సరిపడా విత్తనం ఉంటుంది.

పుదీనా అయితే ఇంకా తేలిక. మార్కెట్లో కట్ట కొన్నప్పుడు ఆకులు దూసి కాడలు పారేస్తాం. ఆ కాడల్లో కాస్త లావుగా, కణుపులున్న వాటిని ఏరండి. పైన రెండు ఆకులు ఉంచి, కింది ఆకులు తీసేసి, గాజు గ్లాసులో రెండంగుళాల నీళ్ళలో నిలబెట్టండి. ఎండ నేరుగా తగలని కిటికీ గట్టు చాలు. నీళ్ళు రోజు విడిచి రోజు మార్చాలి, లేకపోతే కాడ అడుగున జిగురుపట్టి కుళ్ళుతుంది. వారం తిరిగేసరికి కణుపు దగ్గర తెల్లటి వేళ్ళు సన్నగా దిగుతాయి. అవి రెండు అంగుళాలయ్యాక వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న తొట్టిలో నాటితే, నెల రోజులకు తొట్టి కనిపించనంతగా అల్లుకుంటుంది. బచ్చలి, పొన్నగంటి కాడలు కూడా ఇలాగే బతుకుతాయి. కరివేపాకు మాత్రం కాడతో అంత తేలిగ్గా రాదు. దానికి చిన్న మొక్క కొనడమే మంచిది. లాల్‌బాగ్‌లో నర్సరీమెన్ సహకార సంఘం అమ్మకాల కేంద్రం ఉంది. రోడ్డు పక్క అలంకారంగా పెట్టి అమ్మే కుండీ మొక్కల కంటే అక్కడ ధర అందుబాటులో ఉంటుంది.

గోంగూర, చుక్కకూర, పచ్చడి దోసకాయ, మన వైపు పొట్టి కాకర, వీటి విత్తనాలకు మడివాళలో ఉండే మనకు వేరే దారి ఉంది. రాత్రయితే నెల్లూరుకు, విజయవాడకు, హైదరాబాదుకు బస్సులు బయలుదేరేది ఇక్కడి నుంచే. పండక్కి ఊరు వెళ్ళి వచ్చేటప్పుడు సంచిలో పచ్చళ్ళు, అప్పడాలు ఎలాగూ వస్తాయి. అమ్మనో, అత్తనో, పొలం చేసే బాబాయినో అడిగి కాగితంలో చుట్టిన గుప్పెడు విత్తనం కూడా తెచ్చుకోండి. పైసా ఖర్చు లేదు. తరతరాలుగా ఏరి దాచిన నాటు విత్తనం. మళ్ళీ మన మిద్దె మీద ముదరనిచ్చి ఎండబెట్టి దాచుకోవచ్చు, పక్కవాళ్ళకు పంచవచ్చు.

ఇక్కడ తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. హైబ్రిడ్ విత్తనంతో పెరిగిన మొక్క కాయలోంచి తీసిన గింజ వేస్తే తల్లి లాంటి మొక్క వస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి హైబ్రిడ్ వేస్తే ప్రతి పంటకూ కొనాల్సిందే. నగర శివారులో హెసరఘట్ట దగ్గర భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, 1967లో పెట్టారు. 'అర్కా' అన్న పేరుతో మొదలయ్యే రకాలన్నీ వాళ్ళవే. అందులో అర్కా రక్షక్ టమాటా మూడు తెగుళ్ళను తట్టుకుంటుంది, చాలా మంచిది, కానీ అది హైబ్రిడ్. అర్కా వికాస్ టమాటా, అర్కా అనామిక బెండ మామూలు రకాలు. వీటి విత్తనం మనం కట్టుకోవచ్చు. అర్కా సుగుణ తోటకూర ఒకసారి విత్తితే పలుసార్లు కోతకు వస్తుంది. ఈ సంస్థ విత్తనాలు ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతుంది. పొదుపు కోసం పెంచేవాళ్ళు ప్యాకెట్ మీద బొమ్మ చూసి కొనకుండా, వెనకవైపు చదివి హైబ్రిడో కాదో చూసుకోవాలి.

టమాటా విత్తనం దాచే పద్ధతి చాలామందికి తెలియదు. బాగా పండిన కాయలోని గుజ్జును గింజలతో సహా గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్ళు పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. పైన తెట్టు కడుతుంది, వాసన వస్తుంది. గింజ చుట్టూ ఉండే జిగురు పొర అలా పులిసి ఊడిపోతుంది. తరువాత బాగా కడిగితే గట్టి గింజలు అడుక్కి చేరతాయి, తాలు గింజలు తేలతాయి. నీడన ఆరబెట్టి కాగితం పొట్లం కట్టి తేదీ రాసి పెట్టుకోండి.

ఇక మట్టి, ఎరువు. తోట ఖర్చులో సింహభాగం వీటికే పోతుంది. పోకుండా ఆపగలిగేదీ ఇక్కడే.

బెంగుళూరు నేల ఎర్రమట్టి. మడివాళ, తావరెకెరె, బీటీఎం లేఅవుట్ సందుల్లో ఎక్కడో ఒకచోట పాత ఇల్లు పడగొట్టి కొత్త పునాది తవ్వుతూనే ఉంటారు. మేస్త్రీని అడిగితే రెండు సంచుల మట్టి కాదనడు. పైపైన తవ్విన మట్టి తీసుకోండి. లోతు నుంచి వచ్చిన మట్టిలో సారం ఉండదు. సిమెంటు, సున్నం పెళ్ళలు కలిసిన మట్టి అసలే వద్దు, మొక్క ఎదగదు. మడివాళ చెరువు దగ్గర్లో ఉంది కదా, ఒండ్రు తెచ్చుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఊళ్ళో చెరువు మట్టి పొలానికి బంగారమే, నిజం. నగరం మధ్య ఉన్న చెరువులోకి మురుగు చేరుతుంది. ఆ మట్టి తిండి మొక్కలకు పనికిరాదు.

మట్టిలో సగానికి పైగా మనం తయారుచేసుకున్న కంపోస్టే ఉండాలి. బరువు తగ్గుతుంది, కోకోపీట్ కొనే పని తప్పుతుంది. కంపోస్టు పెట్టెల కోసం వేలు ఖర్చు చేయనక్కర్లేదు. పెయింటు వేసేవాళ్ళు వదిలేసే 20 లీటర్ల బకెట్లు పాత సామాన్ల కొట్లో దొరుకుతాయి, రెండు తెచ్చుకోండి. లోపల అంటిన రంగు శుభ్రంగా గీకి కడగాలి. గ్యాస్ పొయ్యి మీద ఊచ కాల్చి చుట్టూ, అడుగున చిల్లులు పెట్టండి. అడుగున నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు. దాని మీద రోజూ వచ్చే కూరగాయల తొక్కలు, టీ పొడి, వాడిన పూలు. వేసిన ప్రతిసారీ పైన గుప్పెడు ఎండుటాకులు కప్పాలి. ఇది మరవకూడదు. నాలుగు రోజులకోసారి రెండు చెంచాల పుల్ల మజ్జిగ చిలకరించి కర్రతో కదపండి. నీళ్ళు కారి దుర్వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఇంకా ఎండుటాకులు వేయాలి. తెల్ల పురుగులు పట్టినా మందు అదే. ఒక బకెట్ నిండాక మూతపెట్టి పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టాలి. రెండోది నిండేసరికి మొదటిదాంట్లో నల్లగా పొడిపొడిగా, తొలకరి వాన పడ్డ నేల వాసనతో ఎరువు తయారై ఉంటుంది. ఉప్పు, నూనె కలిసిన వండిన అన్నం, కూరలు అందులో వేయకండి.

ఎండుటాకులకు ఈ ఊళ్ళో కొదవ లేదు. జనవరి నుంచి మార్చి దాకా కానుగ, వానచెట్టు ఆకులు వీధుల నిండా రాలతాయి. పొద్దున్నే ఊడ్చే అమ్మలు కుప్పలు పెడతారు. వాటిని కొందరు తగలబెడతారు కూడా, ఆ పొగ మనమే పీల్చాలి. ఒక్క ఉదయం రెండు బియ్యం సంచులు పట్టుకుని వెళితే ఆరు నెలలకు సరిపడా ఆకు వస్తుంది. ఊడ్చే అమ్మకు పని తగ్గుతుంది, మీకు డబ్బు మిగులుతుంది.

ఈ కంపోస్టు సంగతి ఇంటి ఖర్చుకు మించినది. బెంగుళూరు చెత్తను ఏళ్ళ తరబడి మండూరు అనే పల్లె దగ్గర పోశారు. ఆ ఊరివాళ్ళు వాసన, ఈగలు, జబ్బులు భరించలేక రోడ్డెక్కితే 2014 చివర్లో గానీ ఆగలేదు. మన వంటింటి తొక్కలు మన మిద్దె మీదే మట్టి అయితే ఇంకో పల్లె మీద ఆ భారం పడదు. 2006లో పూనమ్ బీర్ కస్తూరి అనే ఆవిడ ఈ నగరంలోనే డైలీ డంప్ అనే సంస్థ మొదలుపెట్టి, మట్టికుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి కంపోస్టు చేసే పద్ధతిని ఇళ్ళకు తెచ్చారు. మడివాళకు దగ్గర్లోనే హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో స్వచ్ఛాగ్రహ కలికా కేంద్రం ఉంది. రకరకాల కంపోస్టు పద్ధతులు అక్కడ కళ్ళారా చూడవచ్చు. కొనేముందు ఒకసారి వెళ్ళి చూడండి. చూశాక రెండు పెయింటు బకెట్లు చాలని మీకే అనిపించవచ్చు.

కుండీలకు కూడా మడివాళలో ఒక వీలుంది. ఇక్కడి చేపల మార్కెట్‌కు సరుకు ఐసులో పెట్టి థర్మకోల్ పెట్టెల్లో వస్తుంది. ఖాళీ అయ్యాక అడిగితే నామమాత్రపు ధరకు ఇస్తారు. సబ్బునీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టి, అడుగున చిల్లులు చేస్తే ఆకుకూరలకు సరైన లోతు. తేలిగ్గా ఉంటాయి, వేసవిలో వేళ్ళు వేడెక్కవు. 25 కిలోల బియ్యం సంచిని సగానికి మడిస్తే వంగ, మిరప మొక్కలకు సరిపోతుంది. అయితే ఎండకు ఏడాదిలో పొడి అయిపోతుంది. ఆ ముక్కలు మట్టిలో కలవకముందే మార్చాలి.

బరువు గురించి ఒక్క మాట. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారం తట్టుకునేలా కట్టాలని మన దేశంలో ప్రమాణం. తడిసిన మట్టి నింపిన 20 లీటర్ల బకెట్ ఒక్కటే 30 కిలోల దాకా తూగుతుంది. కాబట్టి నడిమధ్య గుట్టగా పెట్టకుండా పిట్టగోడ వెంట, కింద గోడలున్న చోట పరచి పెట్టండి. అద్దె ఇల్లయితే ఓనరుగారి అనుమతి ముందు. కుండీల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తే శ్లాబు చెమ్మగిల్లదు, గొడవ రాదు. హైదరాబాదు నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు మిద్దె మీదే మళ్ళు కట్టి ఏళ్ళ తరబడి కూరగాయలు పండించారు. మిద్దెతోట అన్న ఆలోచనను తెలుగువాళ్ళలో విస్తృతంగా ప్రచారం చేసినవాళ్ళలో ఆయనొకరు. సొంత ఇల్లున్నవాళ్ళు అలా మళ్ళు కట్టుకోవచ్చు. అద్దె ఇళ్ళవాళ్ళకు రేపు ఇల్లు మారినా మోసుకుపోగలిగేవే మేలు.

ఇక నీళ్ళు. మడివాళ సోమేశ్వరాలయంలో 1247 నాటి శాసనం ఉంది. వేంగలూరు పెద్దచెరువు కింది భూమి దానమిచ్చిన సంగతి అందులో రాశారు. వేంగలూరు అంటే ఈ బెంగుళూరే. చెరువు కింద సాగు చేసుకున్న నేల ఇది. ఇప్పుడు మనం తాగే కావేరి నీళ్ళు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అయిదు వందల మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తున్నారు. 2024 మార్చిలో ఏమైందో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయాయి. తోటలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్ల ధరలు చేయి దాటిపోతే 6,000 లీటర్లకు 600 రూపాయలని జిల్లా యంత్రాంగం హద్దు పెట్టాల్సి వచ్చింది. ట్యాంకరు నీళ్ళు పోసి పెంచే తోటకూరలో మిగిలేది తక్కువ. అంతకు మించి, పక్కింట్లో తాగడానికి నీళ్ళు లేనప్పుడు మంచినీళ్ళు మొక్కలకు పోయడం న్యాయం కాదు.

బెంగుళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద మూడు మిల్లీమీటర్ల చిన్న జల్లు పడితే చాలు, 200 లీటర్ల నీలం డ్రమ్ము నిండుతుంది. మామూలు మొక్కల బకెట్లు ఇరవై ఉంటే రోజుకు 20 లీటర్లు ఖర్చు. అంటే ఒక డ్రమ్ము పది రోజులు వస్తుంది. మే నుంచి అక్టోబరు దాకా వానలు తరచుగా పడే ఊళ్ళో మొక్కలకు కుళాయి తిప్పాల్సిన అవసరం చాలా రోజులు ఉండదు. డ్రమ్ముకు దోమతెర కట్టడం మరవకండి. డెంగీ ఈ నగరంలో ఏటా వస్తుంది. వానలు లేని నెలల్లో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు పోయండి. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా మంచివే. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు మాత్రం రోజూ పోయకండి. అందులో లవణాలు ఎక్కువ, కుండీ మట్టిలో పేరుకుని ఆకుల చివర్లు మాడిపోతాయి. అవి ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. మట్టి మీద రెండంగుళాల ఎండుటాకు పరిస్తే తడి త్వరగా ఆరదు. నీళ్ళు పోసేముందు వేలు మట్టిలోకి రెండు కణుపుల లోతు దించి చూడండి. తడి తగిలితే ఆ పూట పోయక్కర్లేదు. నీళ్ళు లేక చచ్చే మొక్కల కంటే నీళ్ళు ఎక్కువై చచ్చేవే ఎక్కువ.

పురుగుమందుల ఖర్చు దాదాపు ఉండదు. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొడితే తెల్లదోమ, పేనుబంక అదుపులోకి వస్తాయి. పిండినల్లిని పాత టూత్‌బ్రష్‌తో తోమేయవచ్చు. తెగులు ముదిరిన మొక్కను పీకేయడమే మంచిది. ఒక్క మొక్కను బతికించడానికి మూడు వందల రూపాయల సీసా కొనడం పొదుపు కాదు.

ఇంకో మాట. తోటలో అన్నిటికంటే చవగ్గా దొరికేది తోటి తోటవాళ్ళ దగ్గరే. డాక్టర్ బి.ఎన్. విశ్వనాథ్ గారు ఈ నగరంలో సేంద్రియ మిద్దె తోటలు ఎంతోమందికి నేర్పారు. గార్డెన్ సిటీ ఫార్మర్స్ వాళ్ళు 'ఊట ఫ్రమ్ యువర్ తోట' పేరుతో జరిపే సంతల్లో మిద్దె తోటలవాళ్ళు విత్తనాలు, మొక్కలు మార్చుకుంటారు. నవంబరు వైపు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి గాంధీ కృషి విజ్ఞాన కేంద్రంలో కృషి మేళా జరుగుతుంది. కన్నడం అంతగా రాదని మనవాళ్ళు ఇలాంటి చోట్లకు వెళ్ళరు. వెళ్ళండి. వేలు పెట్టి మొక్కను చూపిస్తే చాలు, చెప్పేవాళ్ళు ఓపిగ్గా చెబుతారు. నగరంలో తెలుగు వచ్చినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

కాబట్టి నా విన్నపం ఇది. తోట మొదలుపెట్టాలనుకునే వాళ్ళు ఈ నెల కుండీల కొట్టుకు వెళ్ళకండి. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని ఆకుకూరల మీద, కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిరపల మీద రోజూ ఎంత ఖర్చవుతోందో, ఎంత పారేస్తున్నారో నెల రోజులు రాయండి. అదే నెలలో కంపోస్టు బకెట్ ఒకటి నింపడం మొదలుపెట్టండి. పుస్తకంలో ఎక్కువసార్లు కనిపించిన మూడు ఆకులేవో చూసి, ముందు ఆ మూడే వేయండి. మొదటి మూడు నెలల ఖర్చు 500 రూపాయలు దాటనివ్వకండి. తోటకు పెట్టిన ప్రతి రూపాయీ, తోట నుంచి వచ్చిన ప్రతి కట్టా అదే పుస్తకంలో రాసుకోండి. రాసుకున్నవాళ్ళకే ఏం పెంచాలో, ఏది మానాలో తెలుస్తుంది.